సొంతంగా అసెంబుల్ చేసే కంప్యూటర్‌కు ర్యామ్: ఎంపిక నుంచి బిగింపు దాకా

సొంతంగా కంప్యూటర్ అసెంబుల్ చేసుకోవాలనుకునేవారు ప్రాసెసర్ ఏది, గ్రాఫిక్స్ కార్డు ఏది అని వారాల తరబడి మల్లగుల్లాలు పడతారు. నడుస్తున్న ప్రోగ్రాముల డేటాను చేతికందేలా పట్టి ఉంచే ర్యామ్ వంతు వచ్చేసరికి మాత్రం ‘ఏదో ఒక పదహారు జీబీ వేసేస్తే సరి’ అని తేల్చేస్తారు. అమర్చడంలో అన్నిటికన్నా తేలికైన భాగం ర్యామే, అందులో అనుమానం లేదు. కానీ కొత్త యంత్రం స్విచ్ వేశాక ఫ్యాన్లు తిరుగుతూ తెర మాత్రం నల్లగా ఉండిపోతే, మొట్టమొదట అనుమానించవలసిందీ దాన్నే.

మంచి ర్యామ్ కొనడంతో సగం పనే అవుతుంది. దాన్ని సరైన స్లాట్లలో కూర్చోబెట్టడం, బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) వెళ్లి దాని అసలు వేగాన్ని ఆన్ చేయడం మిగతా సగం. ఈ రెండో సగానికి పైసా ఖర్చు లేదు. అయినా ఎక్కువమంది వదిలేసేది దాన్నే.

ముందు మదర్‌బోర్డు ఏ తరానిదో చూసుకోండి

ఒక బోర్డు ఒక తరం ర్యామ్‌నే తీసుకుంటుంది. ఇప్పుడు మీకు ఎదురయ్యేవి రెండు తరాలు: డీడీఆర్4, డీడీఆర్5. రెండింటికీ అడుగున 288 పిన్నులే ఉన్నా, ఆ వరుస మధ్యలో ఉండే గాడి రెండింటికీ ఒకే చోట ఉండదు. అందుకే ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి దిగదు. దిగడం లేదని బలం ప్రయోగిస్తే విరిగేది స్లాటే. వోల్టేజీ కూడా వేరు: డీడీఆర్4కు 1.2 వోల్టులు, డీడీఆర్5కు 1.1. పైగా డీడీఆర్5లో ఆ వోల్టేజీని సర్దే చిప్పు స్టిక్కు (ర్యామ్ పట్టీ) మీదే ఉంటుంది. పాత తరంలో ఆ పని బోర్డు చేసేది.

ఏఎండీ ప్రాసెసర్ అయితే లెక్క సులువు. బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్ ఏఎం4 అయితే డీడీఆర్4, ఏఎం5 అయితే డీడీఆర్5, అంతే. ఇంటెల్‌లో 12, 13, 14 తరాల ప్రాసెసర్ల దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండాలి. ప్రాసెసర్ రెండు రకాలనూ అంగీకరిస్తుంది కానీ బోర్డు ఏదో ఒకదానికే తయారై ఉంటుంది. అవే అంకెలు, అవే అక్షరాలు ఉన్న రెండు బోర్డుల్లో ఒకదాని పేరు చివర ‘డీ4’ అని ఉంటే అది డీడీఆర్4 బోర్డు. ఆ రెండు అక్షరాలు కంటపడక తప్పు ర్యామ్ తెచ్చుకునేవారు ఉంటారు. ఇంటెల్ వారి కోర్ అల్ట్రా 200 డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు వస్తే మళ్లీ డీడీఆర్5 ఒక్కటే.

ఎంపిక దాదాపు ఖరారయ్యాక బోర్డు తయారీదారు వెబ్‌సైట్‌లో మీ మోడల్ పేజీ తెరవండి. ఆ బోర్డుపై పరీక్షించి చూసిన ర్యామ్‌ల జాబితా ఒకటి ఉంటుంది, దాన్ని క్యూవీఎల్ అంటారు. అందులో లేనంత మాత్రాన పనిచేయదని కాదు. ఉన్నదాన్ని తీసుకుంటే తలనొప్పి తక్కువ. పోల్చేటప్పుడు కంపెనీ పేరు, సైజు చూసి ఆగిపోకుండా పార్ట్ నంబరు చివరి అక్షరం దాకా సరిచూడండి.

ఇంకో రెండు మాటలు. ‘సోడిమ్’ అని రాసి ఉన్నది లాప్‌టాప్ ర్యామ్, పొట్టిగా ఉంటుంది, మీకు పనికిరాదు. సర్వర్లలో వాడే ‘రిజిస్టర్డ్’ ర్యామ్ సంగతి ఇంకా చిక్కు. డీడీఆర్4 రకమైతే మామూలు స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది కానీ కంప్యూటర్ ఆన్ కాదు. సెకండ్‌హ్యాండ్‌లో మరీ చవగ్గా దొరికే పెద్ద స్టిక్కులు చాలావరకు ఈ కోవలోవే. మీకు కావలసింది ‘యూడిమ్’ లేదా ‘అన్‌బఫర్డ్’.

ఎంత కావాలి?

ఇతరులను అడిగేకంటే ఇప్పుడు మీరు వాడుతున్న కంప్యూటర్‌నే అడగండి. రోజూ తెరిచే ప్రోగ్రాములన్నీ తెరిచి, పని మంచి ఊపులో ఉన్నప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కీలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ విభాగంలో మెమరీ చూడండి. ‘ఇన్ యూజ్’ అంకెతో పాటు ‘కమిటెడ్’ అన్న అంకెను కూడా గమనించండి. ప్రోగ్రాములు మొత్తం మీద ఎంత మెమరీ కోరాయో అది చెబుతుంది. ఆ అంకె మీ ర్యామ్‌ను తరచూ దాటుతోందంటే ఇప్పుడున్నది చాలడం లేదన్నమాట. ర్యామ్ నిండిపోతే విండోస్ కొంత సరుకును ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే డ్రైవ్) మీదికి తరలిస్తుంది. ఎంత మంచి ఎస్‌ఎస్‌డీ అయినా ర్యామ్‌తో పోలిస్తే స్పందించడానికి వందల రెట్లు ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఒక విండో నుంచి మరో విండోకు మారినప్పుడల్లా యంత్రం ఒక్క క్షణం నీరసించినట్టు అనిపించడానికి కారణం ఇదే.

నా లెక్క ఇది. బ్రౌజర్, ఆఫీసు పనులు, సినిమాలు చూడటం వరకే అయితే 16 జీబీ హాయిగా సరిపోతుంది. కొత్త గేములు, ఫొటో ఎడిటింగ్, ప్రోగ్రామింగ్ ఉంటే 32. పెద్ద వీడియో ప్రాజెక్టులు, ఒకేసారి రెండు మూడు వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్ లోపల నడిచే కంప్యూటర్లు), సొంత యంత్రంపై ఏఐ భాషా నమూనాలు నడిపే సరదా ఉంటే 64. విండోస్ 11కు కనీసం 4 జీబీ చాలని మైక్రోసాఫ్ట్ చెబుతుంది కానీ, అది విండోస్ ఆన్ కావడానికి సరిపోయే లెక్క, మీరు పని చేసుకోవడానికి కాదు. గ్రాఫిక్స్ కార్డు లేకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే నెట్టుకొచ్చేవారు ఇంకాస్త కలుపుకోవాలి. ఆ గ్రాఫిక్స్‌కు వేరే మెమరీ ఉండదు, మీ ర్యామ్‌లోంచే వాటా తీసుకుంటుంది.

ఒకటి కాదు, నాలుగూ కాదు: రెండు

మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు ర్యామ్‌తో మాట్లాడటానికి రెండు దారులు ఉంటాయి, వాటినే ఛానెళ్లంటారు. ఒక్కో ఛానెల్ వెడల్పు 64 బిట్లు, అంటే 8 బైట్లు. సెకనుకు 3200 మెగా ట్రాన్స్‌ఫర్ల (ఒక మెగా అంటే పది లక్షలు) వేగంతో నడిచే స్టిక్కు ఒక ఛానెల్ మీద గరిష్ఠంగా 3200 × 8, అంటే సెకనుకు 25.6 జీబీ అందిస్తుంది. రెండో ఛానెల్‌లో అలాంటిదే ఇంకొకటి పెడితే 51.2 జీబీ. ఒకే ఒక 16 జీబీ స్టిక్కు కొని ‘రెండోది తర్వాత చూద్దాం’ అనుకుంటే, ఆ ‘తర్వాత’ వచ్చేదాకా ఒక దారి మూసుకునే ఉంటుంది. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తో గేములు ఆడేవారికి ఈ తేడా కంటికి కనిపిస్తుంది.

రెండు మంచివైతే నాలుగు ఇంకా మంచివి కదా అనిపించవచ్చు. కాదు. నాలుగు పెట్టినా ఛానెళ్లు రెండే, ఒక్కో ఛానెల్ మీద భారం మాత్రం పెరుగుతుంది. డీడీఆర్5లో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. రైజెన్ 7000 ప్రాసెసర్లకు ఏఎండీ అధికారికంగా చెప్పే వేగం రెండు స్టిక్కులకు 5200 అయితే, నాలుగింటికి 3600 మాత్రమే. అంతకన్నా వేగంగా నడిపినవారు లేకపోలేదు కానీ అది ఓపికతో కూడిన పని. కాబట్టి రేపు 64 జీబీ అవసరం పడుతుందని ఇవాళే తెలిస్తే, ఇవాళే రెండు 32 జీబీ స్టిక్కులు తీసుకోండి. ‘ఇప్పుడు రెండు పదహారులు, తర్వాత ఇంకో రెండు’ అన్న పథకం డీడీఆర్5తో బెడిసికొట్టవచ్చు.

రెండూ ఒకే ప్యాకెట్‌లో వచ్చే కిట్‌నే కొనండి. వాటిని తయారీదారు జతగా పరీక్షించి పంపుతాడు. అదే మోడల్‌ను ఆరు నెలల తేడాతో విడివిడిగా కొంటే లోపలి చిప్పులు వేరే కంపెనీవి కావచ్చు, పైన స్టిక్కర్ ఒకటే ఉన్నా సరే. ఇంకొక సంగతి: డీడీఆర్5లో 8 జీబీ స్టిక్కులు తీసుకోకండి. వాటిలో తక్కువ చిప్పులతో సరిపెట్టే అమరిక వల్ల, అదే వేగం రాసి ఉన్న 16 జీబీ స్టిక్కు కన్నా కాస్త వెనకబడతాయి. ఈ తరంలో రెండు పదహారులతో మొదలుపెట్టడమే మేలు.

వేగం అంకెను ఒంటరిగా చూడకండి

డబ్బా మీద పెద్దగా కనిపించేది 3200, 6000 లాంటి అంకె. దాని పక్కనో కిందో చిన్నగా సీఎల్16, సీఎల్30 అని ఉంటుంది. మొదటిది ర్యామ్ సెకనుకు ఎన్ని మెగాల సార్లు డేటా పంపగలదో చెబుతుంది. రెండోది, అడిగిన తర్వాత జవాబు మొదలవడానికి ఎన్ని గడియారపు టిక్కులు ఆగాలో చెబుతుంది. రెండింటినీ కలిపి చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. లెక్క చిన్నదే: సీఎల్ అంకెను 2000తో హెచ్చవేసి, వేగంతో భాగించండి. వచ్చేది నానోసెకన్లలో ఆలస్యం.

డీడీఆర్4లో 3200 సీఎల్16కు ఇది 10 నానోసెకన్లు. 3600 సీఎల్18కు కూడా సరిగ్గా పదే. డీడీఆర్5లో 6000 సీఎల్30కీ పదే. అదే 6000 వేగంతో సీఎల్40 ఉన్నది తీసుకుంటే 13.3 అవుతుంది. అంటే కొత్త తరం రాగానే ఆలస్యం తగ్గిపోదు. ఒకసారి మొదలయ్యాక ప్రవాహం మాత్రం దాదాపు రెట్టింపవుతుంది. ఒకే వేగం ఉన్న రెండు కిట్ల మధ్య ఊగిసలాడుతుంటే చిన్న సీఎల్ ఉన్నదానికి మొగ్గండి. వేగం, సీఎల్ రెండూ వేరైతే ఈ లెక్క వేసి చూడండి.

నన్నడిగితే డీడీఆర్4 బోర్డుకు 3200 సీఎల్16 గానీ 3600 సీఎల్18 గానీ. ఏఎం5 బోర్డుకు 6000 సీఎల్30. రైజెన్ ప్రాసెసర్ల మెమరీ కంట్రోలర్‌కు (ర్యామ్‌తో మాట్లాడే భాగానికి) ఆ వేగం బాగా నప్పుతుంది, అంతకు మించి వెళ్తే ప్రయోజనం తక్కువ, పేచీలు ఎక్కువ. డీడీఆర్5 ఇంటెల్ బోర్డులకు 6000 నుంచి 6400 మధ్య చూసుకోండి. ఏడు వేలు దాటిన కిట్ల జోలికి వెళ్లేవారు ప్రాసెసర్, బోర్డు, అదృష్టం మూడూ కలిసిరావాలని ముందే ఒప్పుకుని దిగాలి. ఆ అదనపు డబ్బుతో జీబీలు పెంచుకోవడం తెలివైన పని.

రంగురంగుల లైట్లు మీ ఇష్టం. కానీ లైట్లు, మందపాటి లోహపు కవచం ఉన్న స్టిక్కులు ఎత్తుగా ఉంటాయి. మామూలు స్టిక్కు 31 మిల్లీమీటర్ల పైచిలుకు ఉంటే, కొన్ని 44 దాకా లేస్తాయి. ప్రాసెసర్‌ను చల్లబరిచే పెద్ద ఎయిర్ కూలర్ ర్యామ్ స్లాట్ల మీదికి వంగి ఉంటుంది. కూలర్ వివరాల్లో ర్యామ్‌కు ఎంత ఎత్తు వదిలారో చూసుకున్నాకే డబ్బు కట్టండి.

బిగించడం

బోర్డును క్యాబినెట్‌లో పెట్టకముందే, పెద్ద కూలర్ అయితే దాన్ని బిగించకముందే ర్యామ్ పెట్టేయండి. బల్ల మీద చేతులు స్వేచ్ఛగా ఆడతాయి. పాత యంత్రానికి మార్చుతున్నట్లయితే షట్‌డౌన్ చేసి, వెనక పవర్ సప్లై స్విచ్ ఆఫ్ చేసి, వైరు తీసేసి, ఆపైన పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది. పని మొదలుపెట్టేముందు, మధ్యమధ్యలోనూ క్యాబినెట్‌లో రంగు వేయని లోహపు భాగాన్ని ఒకసారి తాకండి. ఒంట్లోని స్థిర విద్యుత్తు అలా దిగిపోతుంది. తివాచీ మీద నిలబడి ఈ పని పెట్టుకోకండి. స్టిక్కును అంచులతోనే పట్టుకోండి, బంగారు రంగు పిన్నులను వేలితో ముట్టుకోకండి.

ఇప్పుడు మాన్యువల్ తెరవండి. నాలుగు స్లాట్లున్న బోర్డులో రెండు స్టిక్కులు ఎక్కడ పెట్టాలో బొమ్మ వేసి ఉంటుంది. దాదాపు అన్నిటిలోనూ అవి ఏ2, బీ2 స్లాట్లు, అంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండోది, నాలుగోది. పక్కపక్కన ఉన్న మొదటి రెండింటిలో పెడితే రెండూ ఒకే ఛానెల్‌లో పడతాయి, రెండో దారి ఖాళీ. మరి ఒకటి, మూడు ఎందుకు కాకూడదు? ఛానెళ్లు రెండూ దొరుకుతాయి కానీ, ఇప్పటి బోర్డుల్లో ఎక్కువభాగం తీగలు ముందు మొదటి స్లాట్‌కు వెళ్లి, అక్కడి నుంచి రెండోదానికి సాగుతాయి. దారి చివర్లో ఉన్న స్లాట్‌ను ఖాళీగా వదిలితే, ఆ కొస నుంచి సంకేతం వెనక్కి తన్ని అసలు సంకేతాన్ని పాడుచేస్తుంది. నెమ్మది వేగాల్లో ఇది బయటపడదు, 6000 దగ్గర పడుతుంది.

స్లాట్ కొసల్లో ఉండే ప్లాస్టిక్ క్లిప్పులను బయటికి వంచండి. కొన్ని బోర్డుల్లో ఒకవైపే కదులుతుంది, రెండోవైపు స్థిరంగా ఉంటుంది. రెండోది కదలడం లేదని కుస్తీ పట్టకండి. స్టిక్కును స్లాట్ పైన పట్టుకుని, దాని గాడి, స్లాట్‌లోని చిన్న గోడ ఒకే వరుసలోకి వచ్చాయో లేదో పైనుంచి చూడండి. గాడి సరిగ్గా నడిమధ్యలో ఉండదు, కాబట్టి తిరగేసి పట్టుకుంటే కలవదు. కలిసిందని నిర్ధారించుకున్నాక నిలువుగా దించి, రెండు కొసల మీదా బొటనవేళ్లు పెట్టి నొక్కండి. ముందు ఒక కొస, తర్వాత రెండో కొస నొక్కినా ఫర్వాలేదు.

ఇక్కడే మొదటిసారి చేసేవారికి గుండె ఆగినంత పనవుతుంది. అనుకున్నదానికన్నా గట్టిగానే నొక్కాలి. బోర్డు కాస్త వంగినట్టు అనిపిస్తుంది, అది మామూలే. టక్కుమని శబ్దం వచ్చి క్లిప్పు తనంతట తాను పైకి లేచి స్టిక్కు పక్కనున్న చిన్న నొక్కులో ఇమిడిపోవాలి. క్లిప్పును మీరే వేలితో మూశారంటే స్టిక్కు పూర్తిగా దిగలేదని అనుమానించండి. చివరగా కళ్లను స్లాట్ ఎత్తుకు తెచ్చి పక్కనుంచి చూడండి. బంగారు పిన్నుల గీత ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే తీరుగా, దాదాపు కనిపించకుండా ఉండాలి. ఒక కొసన ఎక్కువ బంగారం కనిపిస్తే ఆ కొస పైకి ఉందన్నమాట. తెర నల్లగా ఉండిపోయే కేసుల్లో తరచూ దొరికే దొంగ ఈ సగం దిగిన కొసే.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు

కొత్త ర్యామ్ పెట్టాక మొదటిసారి ఆన్ చేస్తే బోర్డు ర్యామ్‌తో సంకేతాల సమయాలను సరిచూసుకుంటుంది. దీన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు. డీడీఆర్5లో, అందులోనూ ఏఎం5 బోర్డుల మీద, ఇందుకు కొన్ని నిమిషాలు పట్టవచ్చు. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది, బోర్డు మీద డీర్యామ్ అని రాసి ఉన్న చిన్న లైటు వెలుగుతుంటుంది, యంత్రం తనంతట తాను ఆగి మళ్లీ మొదలుకావచ్చు కూడా. కంగారుపడి పవర్ బటన్ నొక్కితే ఆ పనంతా మళ్లీ మొదటికి వస్తుంది. పది పదిహేను నిమిషాలు వదిలేయండి.

అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే కరెంటు తీసేసి, రెండు స్టిక్కులూ బయటికి తీసి, ఒక్కదాన్నే ఏ2లో పెట్టి చూడండి. ఆన్ కాకపోతే రెండోదాన్ని అదే స్లాట్‌లో పెట్టండి. ఒకటి పనిచేసి ఇంకొకటి చేయకపోతే తప్పు స్టిక్కుది. రెండూ ఒక స్లాట్‌లో పనిచేసి ఇంకో స్లాట్‌లో చేయకపోతే ఆ స్లాట్‌ను, ఆ తర్వాత ప్రాసెసర్ సాకెట్‌ను అనుమానించాలి. మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లోనే ఉంటుంది కాబట్టి, సాకెట్‌లో ఒక పిన్ను వంగినా ఒక ఛానెల్ మొత్తం మాయం కావచ్చు. ఏదీ పనిచేయకపోతే మాన్యువల్‌లో చెప్పిన ప్రకారం బయోస్ సెట్టింగులను క్లియర్ చేసి, చివరి ప్రయత్నంగా బయోస్‌ను కొత్త వెర్షన్‌కు మార్చండి. మీ ప్రాసెసర్‌ను లోపలున్న పాత బయోస్ గుర్తుపట్టకపోవడం కొత్త బోర్డుల్లోనూ ఉండే సంగతే.

బయోస్‌లో ఒక్క మార్పు

యంత్రం ఆన్ కాగానే పని అయిపోయిందని విండోస్ ఎక్కించేయకండి. మీరు కొన్న 6000 కిట్టు ఇప్పుడు బహుశా 4800 దగ్గర నడుస్తుంటుంది. ప్రమాణాల ప్రకారం అన్ని బోర్డులకూ పనికొచ్చే నెమ్మది వేగంతోనే ర్యామ్ మొదలవుతుంది. డబ్బా మీది వేగం స్టిక్కులోని చిన్న చిప్పులో ఒక ప్రొఫైల్‌గా రాసి ఉంటుంది, దాన్ని మీరే ఎంచుకోవాలి. ఇంటెల్ పద్ధతిలో ఆ ప్రొఫైల్ పేరు ఎక్స్‌ఎంపీ, ఏఎండీ డీడీఆర్5 పద్ధతిలో ఎక్స్‌పో. ఆన్ అవుతుండగా డిలీట్ కీ గానీ ఎఫ్2 గానీ నొక్కుతూ ఉంటే బయోస్ తెరుచుకుంటుంది. చాలా బోర్డుల్లో మొదటి పేజీలోనే ఈ మీట కనిపిస్తుంది. దాన్ని ఆన్ చేసి, ఎఫ్10తో సేవ్ చేయండి. మళ్లీ ట్రైనింగ్ జరుగుతుంది, మళ్లీ ఓపిక పట్టండి.

ఈ వేగానికి వోల్టేజీ కూడా ప్రొఫైలే పెంచుతుంది, డీడీఆర్4 కిట్లలో సాధారణంగా 1.35 దాకా. ప్రాసెసర్ కంపెనీల లెక్కలో ఇది ఓవర్‌క్లాకింగే (అధికారిక వేగాన్ని మించి నడపడమే), అందుకే పనిచేసి తీరుతుందన్న హామీ ఉండదు. ప్రొఫైల్ ఆన్ చేశాక యంత్రం పడిపోతుంటే, ప్రొఫైల్‌ను అలాగే ఉంచి వేగాన్ని మాత్రం 6000 నుంచి 5600కు దించి చూడండి. రోజువారీ వాడకంలో ఆ తేడా మీకు తెలియదు.

పరీక్షించాకే విండోస్

మెమ్‌టెస్ట్86+ అనే ఉచిత ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, దానితోనే కంప్యూటర్‌ను ఆన్ చేయండి. ర్యామ్ మూలమూలా రాసి, తిరిగి చదివి చూస్తుంది. 32 జీబీకి గంటలు పట్టవచ్చు, రాత్రి పెట్టి పడుకోండి. కనీసం ఒక పూర్తి పాస్ (పరీక్షలన్నీ ఒక చుట్టు), కుదిరితే రెండు మూడు. విండోస్ ఎక్కించకముందే ఇది చేయమనడానికి కారణం ఉంది. చెడ్డ ర్యామ్‌తో ఇన్‌స్టాల్ చేస్తే ఫైళ్లు పాడై డిస్కు మీద పడతాయి, ఆ తర్వాత ర్యామ్ మార్చినా ఆ జబ్బు వదలదు.

ఒక్క తప్పు కనిపించినా తప్పే. ‘వేల కోట్ల బైట్లలో ఒకటేగా’ అని సరిపెట్టుకోకండి. ప్రొఫైల్ ఆఫ్ చేసి మళ్లీ పరీక్షించండి. అప్పుడు శుభ్రంగా వస్తే మీ ప్రాసెసర్‌కో బోర్డుకో ఆ వేగం భారమవుతోంది, ఒక మెట్టు దించితే చాలు. ప్రొఫైల్ లేకుండా కూడా తప్పులు వస్తుంటే స్టిక్కులను ఒక్కొక్కటిగా పరీక్షించి చెడ్డదాన్ని పట్టుకోండి. మార్చుకోవడానికి పంపేటప్పుడు మాత్రం రెండింటినీ కలిపే పంపండి. మంచిదాన్ని ఉంచుకుని ఒక్కదాన్నే మార్పించుకుంటే, తిరిగి వచ్చేది దానితో జతగా పరీక్షించినది కాకపోవచ్చు.

అంతా సవ్యంగా ఉండి విండోస్ ఎక్కించాక, ఇందాకటి టాస్క్ మేనేజర్ మెమరీ పేజీని మరోసారి తెరవండి. మొత్తం సైజు, ‘స్పీడ్’ పక్కన మీ ప్రొఫైల్ వేగం, నాలుగు స్లాట్లలో రెండు వాడుకలో ఉన్నట్టు కనిపించాలి. వేరే ఏదైనా సాఫ్ట్‌వేర్‌లో 6000 బదులు 3000 కనిపిస్తే కంగారుపడకండి. ర్యామ్ గడియారపు ఒక్కో టిక్కుకు రెండుసార్లు డేటా పంపుతుంది, ఆ సాఫ్ట్‌వేర్ చూపిస్తున్నది గడియారం వేగాన్ని.